కాయే

కాయే అంది. అందులో అనుమానం లేదు. కాయే అనే అంది, అదీ తడుముకోకుండా, నీళ్ళు నమలకుండా, ఆ అట్టముక్కని పూర్తిగా ఇటు తిప్పకముందే అనేసింది. "కాయా?" అని అడిగింది మాటల డాక్టరమ్మ. పేషెంట్లకి బొమ్మలు చూపించి పేర్లు చెప్పించి, ఎవరి దగ్గర మాట ఎంత మిగిలిందో తేల్చే పిల్ల కాబట్టి వార్డులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. "కాయే," అంది ఈవిడ మళ్ళీ, రెట్టించి. "ఇది తినేదా అమ్మా?" అని ఆ పిల్ల ఎంత మెత్తగా అడిగిందంటే, ప్రశ్నకి కాదు, ఆ మెత్తదనానికి ఈవిడ గుండె జారిపోయింది. తినేది కాదని ఈవిడకి తెలియదా? బొమ్మలో అట్ట ఉంది, అట్ట మీద పేరు రాసుకునే చోటు ఉంది, తెరిచిన పేజీలో నీలం గీతలు, పక్కన నిలువుగా ఎర్రగీత, మధ్యలో రెండు పిన్నులు. బడికెళ్ళే ప్రతి పిల్ల సంచిలోనూ ఉండేదే. కాదు, తినేది కాదు, అని తల అడ్డంగా ఊపింది. కానీ అప్పటికే పెన్సిలు కదిలింది. అంతకుముందు తాళం, దువ్వెన, గొడుగు, మేక, నిచ్చెన అన్నీ గడగడా చెప్పినప్పుడు ఆ పెన్సిలు చిన్నగా పైకి లేచి దిగింది. ఈసారి రెండు గీతలు గీసింది, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. "పెద్ద డాక్టరుగారితో మాట్లాడి ఒక గంటలో వస్తానమ్మా, మీరు కాసేపు పడుకోండి," అని వెళ్ళిపోయింది. పడుకోవాలట. నిద్ర పడుతుందా ఇక?

పెద్ద డాక్టరు నిన్న ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తలలో ఎడమ పక్కన గోళీకాయంత గడ్డ ఉంది, మాటలుండే చోటుని ఆనుకుని ఉంది. మాటలు సరిగ్గా వస్తున్నంతకాలం మందులిచ్చి కనిపెట్టుకుని ఉందాం, మాట తప్పడం మొదలైతే మాత్రం ఆగకూడదు, తల తెరవాల్సిందే, అన్నాడు. "తెరిచాక నా మాటలు నాకుంటాయా?" అని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దానికి నేను మాట ఇవ్వలేనమ్మా," అన్నాడు పాపం, తను ఏమన్నాడో తనకే తెలియకుండా. ఇంకో రోజైతే ఈవిడ ఆ ముక్క పట్టుకుని వారం రోజులు నవ్వేది, ఆఫీసులో పదిమందికి చెప్పేది. మాట తప్పడంలో కూడా రకాలున్నాయని చెప్పింది మాటల డాక్టరమ్మ. గుర్తు రాక ఆగిపోతే అది అలసట కావచ్చు, భయం కావచ్చు, వయసు కావచ్చు. ఒక మాట చోట ఇంకో మాట, అదీ తొణక్కుండా బెణక్కుండా వచ్చి కూర్చుంటే, అదే మంచిది కాదు. ఈవిడ తొణకలేదు. బెణకలేదు. రాసుకునేదాన్ని చూపిస్తే కాయ అంది.

కాయ అనలేదు, కాయే అంది. రెండూ ఒకటి కాదు. కాయే అనేది ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు వాళ్ళు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాట, ఆ మాటకి అర్థం సరిగ్గా ఆ బొమ్మలోదే. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా? చెప్పడానికి నోరు తెరిచింది కూడా. తెరిచాక, లోపల ఎక్కడో చల్లగా ఒక అనుమానం పాకింది. అలాంటి మాట నిజంగా ఉందా? ఎవరు చెప్పారు ఉందని? తన బుర్రే కదా చెప్పింది. ఆ బుర్ర మీదే కదా ఇప్పుడు విచారణ జరుగుతున్నది. పక్కన కుర్చీలో చెల్లెలు బడిపిల్లల చొక్కాలకి గుండీలు కుడుతూ కూర్చుంది. ఆవిడది కుట్టుపని, ఆసుపత్రికొచ్చినా సూది వదలదు. దారం పళ్ళతో తెంపి, "ఏంటక్కా అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? ఒక్కటేగా తప్పింది. నేనైతే ఆ నిచ్చెనని బల్ల అనేదాన్ని," అని నవ్వింది. చెల్లెలికి ఎక్కడ నవ్వకూడదో తెలియదు, చిన్నప్పటి నుంచీ అంతే. భయమేసినప్పుడు మరీ నవ్వుతుంది, ఆ సంగతి అక్కకి మాత్రమే తెలుసు. కాబట్టి ఆ నవ్వు విన్నకొద్దీ అక్కకి ఇంకా భయం వేస్తోంది. "నీ నోట్లోంచి తిన్నని మాట ఎప్పుడొచ్చింది గనక! మా పిల్లాడు ఏడిస్తే వాడేదో విలపిస్తున్నాడు అనేదానివి. గొడుగుని గొడుగు అన్నావు, అదే గొప్ప," అంది చెల్లెలు, ఇంకో గుండీ వెతుక్కుంటూ.

నిజమే, ఈవిడ బతుకంతా మాటలతోనే గడిచింది. పత్రికాఫీసులో ఒక మూల బల్ల, ఆ బల్ల మీద చీటీల డబ్బా, చీటీకొక మాట. రోజూ పేపర్లో వాతావరణం పక్కన అగ్గిపెట్టెంత చోటు ఈవిడది. ఎవరూ అంతగా వాడని ఇంగ్లీషు మాట ఒకటి తీసుకోవాలి, ఎలా పలకాలో చెప్పాలి, అర్థం చెప్పాలి, ఒక వాక్యంలో వాడి చూపించాలి. పేరు అడిగితే ఎవరికీ తెలియదు గానీ డిక్షనరీ మేడమ్ అంటే ఆఫీసు బయట టీ అమ్మేవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, బళ్ళో ఒకసారి ఇంగ్లీషు మేష్టారు లేపి పాఠం చదవమంటే చాకు అన్న మాటలో మొదటి అక్షరాన్ని కూడా కలిపి క్నైఫ్ అని చదివింది. క్లాసంతా గొల్లుమంది. ఉన్న అక్షరాన్ని పలికితే నవ్వుతారేమిటి, పలకనిదాన్ని అక్కడ ఎందుకు పెట్టారు, అని ఇంటికెళ్ళి ఏడ్చింది. ఆ రోజు నుంచి అలా నోరు మూసుకుని కూర్చున్న అక్షరాలున్న మాటలన్నీ ఏరడం మొదలుపెట్టింది. ఇంకెవరూ తనని చూసి నవ్వకూడదు, అంతే. కాయేలో కూడా రెండు అక్షరాలు నోరు మూసుకుని ఉంటాయి. మధ్యలో హెచ్ పలకదు. చివర ఆర్ పలకదు. చూశారా, ఎంత బాగా గుర్తుందో. లేని మాటకి పలకని అక్షరాలుంటాయా?

ఉండవచ్చు. ఉండకూడదని ఎక్కడుంది? ఎదుటి మంచం మీద బస్సు డ్రైవరు ఉన్నాడు. చెయ్యెత్తు మనిషి, మీసం ఇంకా దర్జాగానే ఉంది, కానీ తల్లో నరం చిట్లినప్పటి నుంచి ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే మాట. గేరు. మంచినీళ్ళు కావాలంటే గేరు, కిటికీ వెయ్యమంటే గేరు, భార్య చీర బాగుందన్నా గేరే. నిన్న డాక్టరు వచ్చి ఎలా ఉందని అడిగితే, "గేరు గేరు, గేరే గేరు," అని చేతులు తిప్పుతూ ఎంతో వివరంగా చెప్పాడు. ఎక్కడ ఆగాలో ఆగాడు, ఎక్కడ గొంతు పెంచాలో పెంచాడు, చివర తన మాటకి తనే నవ్వుకున్నాడు కూడా. ఆయన లెక్కలో ఆయన చక్కగా మాట్లాడాడు. వినేవాళ్ళకే చెవుల్లో ఏదో లోపం. ఈవిడ నిన్న ఆయన్ని చూసి జాలిపడింది. ఇవాళ జాలి లేదు, వణుకే ఉంది. ఎందుకంటే ఆయన గేరు అన్నప్పుడు ముఖంలో ఉన్న ఆ ధీమా, ఈవిడ ఇందాక కాయే అన్నప్పుడు తన ముఖంలోనూ ఉండే ఉంటుంది. పోయినవాళ్ళకి పోయినట్టు తెలియదన్నమాట. తెలిస్తే కదా వెతుక్కునేది.

సరే, వాక్యంలో పెట్టి చూద్దాం. అర్థం ఎవరైనా చెబుతారు, వాడుకలోనే మాట బండారం బయటపడుతుంది, అని కొత్తగా చేరిన వాళ్ళకి తనే చెప్పేది. ప్రయాణంలో చూసినవన్నీ ఆమె ఒక కాయేలో రాసుకుంది. కుదిరింది. బైండింగుకి ఇచ్చే ముందు కాగితాలని కాయేలుగా మడిచారు. ఇదీ కుదిరింది, పైగా ఇది రెండో అర్థం, కుట్టడానికి ముందు మడిచిన కాగితాల మడత. సభ ముగిశాక సభ్యుల కోరికలన్నీ ఒక కాయేగా రాసి సమర్పించారు. ఇది మూడోది, సభల్లో తయారుచేసే నివేదిక. లాటిన్‌లో నాలుగేసి అనే అర్థమున్న మాట ఒకటి ఉంది, నాలుగు కాగితపు తావులు కలిపి మడిచేవారు కాబట్టి దానిలోంచి పుట్టిందిది. ఎంత ఉంది దీనికి! తాతలున్నారు, తోబుట్టువులున్నారు. ఈవిడ ఊపిరి కాస్త తేలికైంది. అంతలో ఎదుటి మంచం మీద ఆయన, "గేరు," అన్నాడు. భార్య లేచి తలగడ సర్దింది. మళ్ళీ చల్లగా పాకింది లోపల. వాక్యం కుదిరితే మాట ఉన్నట్టా? గేరు కూడా కుదురుతోంది కదా, ప్రతి వాక్యంలోనూ. తాతలూ తోబుట్టువులూ మాత్రం ఏం రుజువు? గడ్డ కట్టగలిగిన బుర్ర కథ కట్టలేదా?

ఫోను పక్కనే ఉంది. మందుల సీసాకి ఆనించి పెట్టింది చెల్లెలు. చెయ్యి చాస్తే అందుతుంది, మాట కొడితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఆ తేలిపోవడమే భయం. చూడనంతసేపూ మాట ఉన్నట్టే, చూస్తే ఉండకపోవచ్చు. లేదని వస్తే ఏం చెయ్యాలి? గుండు గీస్తారు, తల్లో గీత పెడతారు, మెలకువ వచ్చేసరికి ఈ చెల్లెల్ని ఏమని పిలవాలో తెలియదు. ఆ డ్రైవరుకి కనీసం గేరు మిగిలింది. తనకేం మిగులుతుంది? ఇన్నేళ్ళు ఏరుకున్న మాటలన్నీ పోయి, ఏదో ఒక్కటి, ఏ బకెట్టో, ఏ బొత్తామో మిగిలి, అదే పట్టుకుని పోయేదాకా బతకాలా? చెల్లెలు వచ్చి అన్నం తిన్నావా అక్కా అంటే బకెట్టు అనాలా? చెల్లెలు నవ్వుతుంది, భయపడి నవ్వుతుంది, ఆ నవ్వు ఎందుకో తనకి తెలుస్తుంది, తెలిసినా చెప్పలేకపోతుంది. చెయ్యి ఫోను దాకా వెళ్ళింది, మందుల సీసాని కాస్త పక్కకి జరిపి వెనక్కి వచ్చేసింది. "నీళ్ళు కావాలా?" అంది చెల్లెలు. వద్దంది. వద్దు అన్న మాట వచ్చినందుకు కూడా లోపల దండం పెట్టుకుంది.

చెల్లెలు చొక్కా దులిపి, కాలరు చూసి, "ఖర్మ, ఈ గుండీ పెద్దదైపోయిందే, కన్నంలో పట్టదు," అని విసుక్కుంది. పెద్దదైపోయింది. పట్టదు. అగ్గిపెట్టెంత చోటులో పట్టదు. ఆ మాట ఎవరన్నారు? పేజీ కట్టే అబ్బాయి అన్నాడు, "మేడమ్, ఇవాళ మీ మాటకి అర్థాలెక్కువయ్యాయి, చోటులో పట్టదు, ఒకటి కొయ్యండి," అన్నాడు. కొయ్యడమంటే ఈవిడకి ప్రాణం పోయినట్టే. కొట్లాడి మూడు అర్థాలూ వేయించింది. ఏ మాటకి? ఆగు, ఏ మాటకి? మూడు అర్థాలు. మడత, నివేదిక, ఇంకోటి. ఆ రాత్రి ప్రూఫులు దిద్దే పెద్దాయన, తప్పంటే ఒప్పుకోని మనిషి, ఈవిడ మాట చూసి ముఖం చిట్లించాడట. కాయే ఏమిటి, ఏత్వం ఎక్కువ పడింది, అనుకుని తీసేశాడట. వాక్యంలోనూ తీసేశాడట. తెల్లారి పేపర్లో, ఎలా పలకాలో చెప్పే చోట, కాయ. కింద వాక్యంలో, ఆమె తన కాయలో రోజూ కవితలు రాసుకునేది. అచ్చయిపోయింది! ఊరంతా చదివింది! ఈవిడ మంచం మీద దిగ్గున లేచి కూర్చుంది. ఫోన్లు, ఒకటా రెండా, పొద్దున్నుంచి ఆఫీసు ఫోను ఆగితే ఒట్టు. ఇది ఏ చెట్టుకి కాస్తుందండీ అని ఒకాయన. మా పెరట్లో కాస్తాయి గానీ మేం కూర వండుకుంటామండీ, కవితలు రాయం, అని ఒకావిడ. ఎడిటరు ఈవిడని పిలిచి కేకలేసి, మధ్యలో తనకే నవ్వొచ్చి కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నెలల తరబడి ఆఫీసులో అదే గొడవ. మేడమ్, ఒక కాయ ఇస్తారా, ఫోన్ నంబరు రాసుకోవాలి. మేడమ్, నా కాయ అయిపోయింది, స్టోర్సులో కొత్త కాయ అడుగుతున్నా. కొన్నాళ్ళకి వాళ్ళకీ ఈవిడకీ కూడా అదే అలవాటైపోయింది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది. ఇప్పుడు ఆ పెద్దాయన ఎదురుగా ఉంటే కాళ్ళకి దండం పెట్టేది. బుర్ర కట్టిన కథ కాదిది, ఊరు ఊరంతా సాక్ష్యం ఉంది. అర్థం దగ్గర మొదట ఏం రాసిందో ఆ ఒక్క ముక్క కాస్త మసగ్గా ఉంది గానీ, పోనీ, మిగతాదంతా కళ్ళముందే ఉంది.

"ఉందే, ఆ మాట ఉంది! ఫోను తియ్యి. సి, ఏ, హెచ్, ఐ, ఈ, ఆర్," అంది. చెల్లెలు సూది చొక్కాకే గుచ్చి ఫోను అందుకుని, ఒక్కో అక్షరం పైకి అంటూ కొట్టింది, తప్పు కొట్టింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. మాటల డాక్టరమ్మ బొమ్మల కట్ట పట్టుకుని సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది. చెల్లెలు ఆ పిల్ల నోరు తెరిచేలోగానే ఫోను ముఖం మీద పెట్టేసింది. "చూడమ్మా, చూడు. మా అక్క కాయ అనలేదు. అదేదో నీకూ నాకూ తెలియని ఇంగ్లీషు. నువ్వు దాని మీద ఇంటూ గుర్తు పెట్టావ్. తీసెయ్, ముందు తీసెయ్!" ఆ పిల్ల ఫోను తీసుకుని లోలోపల చదువుకుంది. చదువుతుంటే ముఖం విప్పారింది. "అయ్యో, నిజమేనమ్మా. ఉంది. మీరు చెప్పింది కరెక్టే, నాకే తెలియలేదు," అని, అక్కడికక్కడే కాగితం తీసి ఆ రెండు గీతలూ రబ్బరుతో చెరిపేసింది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. ఎదుటి మంచం మీద డ్రైవరు ఏమర్థమైందో గానీ, "గేరు!" అని చెయ్యెత్తాడు. ఈవిడకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. తల తెరవరు. తన మాటలు తనవే. ఇంటికెళ్ళి చీటీల డబ్బా ముందేసుకుని కూర్చుంటుంది, రేపో ఎల్లుండో ఆఫీసుకెళ్ళి ఈ సంగతంతా చెబుతుంది, డాక్టరు మాట ఇవ్వలేనన్న సంగతి కూడా చెబుతుంది, ఎంత నవ్వుతారో.

మాటల డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, కట్టలోంచి ఆ అట్టముక్కే మళ్ళీ తీసింది. "అది పుస్తకాల్లో మాట కదమ్మా. బావుంది. ఇప్పుడు మనం ఇంట్లో అనుకునే మాట చెప్పండి. పిల్లలు దీన్నేమంటారు?" అంది మామూలుగా, చెప్పేస్తారులే అన్నట్టు. ఇదా? ఇదేం ప్రశ్న? ఈవిడ నవ్వుతూనే నోరు తెరిచింది. అట్ట. అట్ట మీద పేరు రాసుకునే చోటు. నీలం గీతలు, ఎర్రగీత, పిన్నులు. కాయే. కాయే కాదు, ఇంకోటి, ఇంట్లో అనేది. పిల్లలు దీన్ని, దీన్ని పిల్లలు. "పుస్తకం," అంది. "దగ్గరికొచ్చారు. చదివేదా, రాసేదా?" "రాసేది." "రాసేదాన్ని ఏమంటాం?" రాసేదాన్ని, రాసేదాన్ని. కొట్టుకెళ్ళి అడిగి కొనేది. చెల్లెలికి తనే అట్టలు వేసి ఇచ్చేది. పేరు తప్ప అన్నీ ఉన్నాయి, ముట్టుకుంటే తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఈ గంటసేపూ ఉన్న మాటని పట్టుకుని ఉందా లేదా అని చచ్చేంత భయపడింది గానీ, ఆ మాట అసలు ఎందుకు వచ్చిందో ఒక్కసారి కూడా అనుకోలేదు. రావలసింది రాలేదు కాబట్టి అది వచ్చింది. రావలసింది ఎప్పుడు పోయింది? పోతూ చప్పుడైనా చెయ్యలేదే.

"మొదటి అక్షరం ఇస్తానమ్మా," అంది ఆ పిల్ల, ఇందాకటిలాగే మెత్తగా. "నో..." ఈవిడ ఆ అక్షరం పట్టుకుని ముందుకు వంగింది. "నోరు," అంది. గట్టిగా, తడుముకోకుండా అంది. "అక్కా," అంది చెల్లెలు చాలా చిన్నగా, వచ్చి చెయ్యి పట్టుకుంది. చెల్లి. చెల్లెలు. అమ్మయ్య, ఇది ఉంది, ఇది పోలేదు. మరి చెల్లెలి వెనక ఉన్నది, గోడకి ఉన్నది, దాంట్లోంచి వెలుతురు వస్తోంది కదా, కిటికీ, ఉంది. కిటికీకి వేలాడుతున్నది. మంచం పక్కన ఉన్నది. ఆ పిల్ల మెళ్ళో ఉన్నది. ఇన్ని వస్తువులా ఈ గదిలో? ఒక్కొక్కదాని వైపూ చూస్తే గానీ ఏది ఉందో ఏది పోయిందో తెలియదు. ఈవిడ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరవండమ్మా, ఇంకొక్కటే బొమ్మ," అంటోంది మాటల డాక్టరమ్మ. ఈవిడ తెరవలేదు.